మ్యూజియంలో పాత శిల్పాల మధ్య కొత్త బొమ్మలు

ప్రశ్న: అన్నా, మాది ప్రొద్దుటూరు. కడప బండతో, పాత ట్రాక్టర్ ఇనుముతో బొమ్మలు చేస్తాను, ఇప్పటికి 11 అయినాయి. కడప మ్యూజియంలో పాత శిల్పాల మధ్యనే ఎగ్జిబిషన్ పెట్టాలని నా ఆశ. ఆ దేవుళ్ల ముందు నీ తుక్కు ఎవరు చూస్తారు అంటాండారు ఇంట్లో. ఎట్ల మొదలుపెట్టాల?

జవాబు: చూస్తారు తమ్ముడూ, కానీ 11 పెడితే మాత్రం దేన్నీ సరిగా చూడరు, నాలుగు చాలు. ముందు బొమ్మలు పక్కనపెట్టి టేపు పట్టుకొని మ్యూజియంలో ఒక రోజంతా తిరుగు, ఏ పాత రాయి పక్కన నీది నిలబడితే రెండూ బాగుంటాయో అక్కడే తేలిపోతుంది. వీరగల్లు కనిపిస్తే అక్కడ ఆగు. ఊరి కోసం, పశువుల కోసం కొట్లాడి చచ్చిపోయినోళ్ల గుర్తు కదా అది, సేద్యం చేసి అరిగిపోయిన ట్రాక్టర్ ఇనుము దానికి పరాయిది ఎట్లయితుంది చెప్పు, నాకైతే సొంత బంధువు లాగే అనిపిస్తాంది.

2011లో రష్యాలోని హెర్మిటేజ్ మ్యూజియంలో ఆంటోనీ గోర్మ్లీ అనే శిల్పి ఏం చేసినాడంటే, పాత గ్రీకు రోమన్ విగ్రహాల పీఠాలు కనపడకుండా గది నేలనే ఎత్తు చేయించినాడు, దేవుళ్లు వచ్చినోళ్లతో సమానంగా నేల మీద నిలబడినారు, పక్క గదిలో ఆయన ఇనుప బొమ్మలు. మనకు అంత ఖర్చు వద్దు, పాతవాటిని కదిలించను కూడా వద్దు, నీ బొమ్మలకు ఎత్తు పీఠాలు మానుకో, అంతే. మన దగ్గర జైపూర్ నాహర్‌గఢ్ కోటలో కూడా 2017లో పాత గదుల్లో కొత్త శిల్పాలు పెట్టినారు.

ఇంక బరువు సంగతి. కడప బండ ఘనపుటడుగు దగ్గరదగ్గర 75 కిలోలు తూగుతుంది, రెండడుగుల చదరం, నాలుగడుగుల ఎత్తు దిమ్మె అంటే 1200 కిలోలు, కాబట్టి కింది అంతస్తులోనే పెట్టాల, కింద మందపాటి చెక్కలు పరిచి బరువు పంచాల. గోడకు ఒక్క మేకు కూడా కొట్టొద్దు. లైటు నేరుగా ముఖం మీద కాకుండా పక్కనుంచి పడితేనే ఉలి గాట్లు కనపడతాయి. చుట్టూ తిరిగే జాగా వదులు, శిల్పానికి వీపు కూడా ఉంటుంది కదా!

పురావస్తు శాఖకు అర్జీ రాసేటప్పుడు ఒక్కో బొమ్మ కొలత, బరువు, ఫొటో, ఎక్కడ పెట్టాలనుకుంటాండావో గీసిన ప్లాను జతచెయ్. ఇనుముకు తుప్పు రాలకుండా మైనం పూసి పెట్టుకో, వెల్డింగ్ పని ఏదన్నా మిగిలుంటే ఇంటి దగ్గరే ముగించుకొని రా.