హెయిర్ డై రక్తంలో కలుస్తుందా? ముందు ఆ దురద సంగతి చూడండి

ప్రశ్న: నా వయసు 52, బెంగళూరు మారతహళ్ళిలో ఉంటాం. చాలా ఏళ్లుగా మూడు వారాలకోసారి నల్ల డై వేసుకుంటున్నాను, బాగా పట్టాలని గంటకు పైగా ఉంచుతాను. ఆ రసాయనాలు రక్తంలో కలిసి కిడ్నీలు పాడవుతాయని, క్యాన్సర్ వస్తుందని వాట్సాప్‌లో చూసి టెన్షన్‌గా ఉంది. అమ్మోనియా లేని డైకి మారితే సరిపోతుందా? ఈమధ్య డై వేసిన మర్నాడో, రెండోరోజో నుదుటి మీద, చెవుల వెనక దురద వస్తోంది. ట్యాంకర్ నీళ్ల వల్లేమో అనుకున్నాం, మెడికల్ షాపువాళ్లిచ్చిన క్రీమ్ రాస్తే తగ్గిపోతోంది. వచ్చే నెల మా అమ్మాయి పెళ్లి.

జవాబు: అడిగిందంతా కిడ్నీల గురించి, చెప్పాల్సిన దురద మాటేమో చివర్లో పడేశారు. చూడకుండా ఖాయంగా చెప్పలేను గానీ, డై వేసిన ఒకటి రెండు రోజులకు సరిగ్గా జుట్టు అంచుల్లోనే దురద వస్తోందంటే ముందు అనుమానించాల్సింది పీపీడీ అలర్జీని. నల్ల డైలలో చాలావాటికి రంగునిచ్చేది ఈ పారా ఫినైలిన్ డైఅమైనే. ఏళ్ల తరబడి ఏమీ కాని మనిషికి కూడా ఒకరోజు మొదలవుతుంది, మొదలైతే ఇక పోదు, వేసిన ప్రతిసారీ ముదరొచ్చు. బెంగళూరులో జుట్టు రాలినా, చుండ్రు పట్టినా ట్యాంకర్ నీళ్లనే తిడతారు, ఈసారికి వాటిని వదిలేయండి.

ఇక ఆ క్రీమ్. పేరు రాయలేదు కానీ షాపులో అడగ్గానే ఇచ్చేవాటిలో చాలా మటుకు స్టెరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు కలిపిన ట్యూబులే. స్టెరాయిడ్ దురదను అణిచేస్తుంది, మీరేమో తగ్గిందనుకుని మళ్లీ డై వేస్తారు, అలా అలర్జీ బయటపడకుండా నెలలు గడిచిపోతాయి, ఈలోగా నుదుటి చర్మం పలచబడుతుంది. పలచబడిన, గోకి పుండైన చర్మంలోంచి రసాయనాలు ఇంకా సులువుగా దిగుతాయి, అంటే మీరు భయపడుతున్నదానికి మీరే దారి వేస్తున్నారు. చదువుకున్నవాళ్లు కూడా షాపులో కుర్రాడి మాటకిచ్చిన విలువ డాక్టర్‌కి ఇవ్వరు!

మీ ప్రశ్నకొస్తాను. వెంట్రుక నిర్జీవం, అందులోంచి ఏదీ ఒంట్లోకి పోదు, మాడు చర్మం గుండానే కొద్దిపాటి పీపీడీ లోపలికి వెళ్తుంది. అందులో కొంత చర్మంలోని ఎంజైములే మార్చేస్తాయి, మిగతాది రక్తంలో కలిసినా ఎక్కువ భాగం మూత్రంలో పోతుంది. కిడ్నీలు చెడిపోయాయని మీరు విన్న కేసులు ఎక్కువగా డై తాగినవాళ్లవి. క్యాన్సర్ విషయంలో 2010లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ వెలువరించిన అంచనా ప్రకారం, రోజూ ఈ పనిలో ఉండే సెలూన్ వాళ్లకు ముప్పు ఉండొచ్చు, సొంతానికి వేసుకునేవాళ్ల గురించి తేల్చి చెప్పడానికి ఆధారాలు చాలవు. అయినా గంటకు పైగా ఎందుకండీ? ప్యాకెట్ మీద రాసిన టైమ్ దాటొద్దు.

అమ్మోనియా తీసేస్తే ఘాటు తగ్గుతుంది, పీపీడీ అలాగే ఉంటుంది. హెర్బల్ అన్నా నమ్మకండి, వట్టి గోరింటాకు ఎర్రగానే పండుతుంది, నల్ల మెహందీ పొడుల్లో పీపీడీ కలుపుతున్నారు.

పరీక్షలయ్యేవరకు డై ముట్టుకోకండి, పెళ్లయినా సరే. ఫొటోల్లో నెరిసిన జుట్టు ఫర్వాలేదు, వాచిపోయిన కళ్లతో పీటల మీద కూర్చుంటారా? ఈ వారంలోనే చర్మ డాక్టర్‌కి చూపించుకోండి, అవసరమైతే దేనికి అలర్జీయో తేల్చే ప్యాచ్ టెస్ట్ వీపు మీద చేస్తారు, దానికి మూడు నాలుగు రోజులు పడుతుంది. క్రీమ్ రాస్తుంటే ఫలితం తప్పుగా రావచ్చు, కాబట్టి ఎప్పట్నుంచి రాస్తున్నారో దాచకండి. కనురెప్పలు, పెదాలు వాచినా, ఊపిరి ఆడకపోయినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. వెళ్లేటప్పుడు డై డబ్బా, ఆ ట్యూబ్ రెండూ పట్టుకెళ్లండి.