అడవి మంట ఊరి పొలిమేరకు వస్తే: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా అమ్మాయి కెనడాలోని కెలోనాలో ఎమ్మెస్ చదువుతోంది. 2023 ఆగస్టులో అక్కడి కొండల మీద కార్చిచ్చు రేగి, నగరం ‘లోకల్ ఎమర్జెన్సీ’ ప్రకటించిందనీ, విద్యార్థులను క్యాంపస్ నుంచి పంపించేశారనీ దాని సీనియర్లు చెప్పారట. ఆ సంగతి విన్నప్పటి నుంచి అక్కడ ఎండాకాలం వస్తోందంటే మాకు గుండెలు పీచుపీచుమంటున్నాయి. ఎమర్జెన్సీ అన్న మాట వింటే మావారికి 1975 గుర్తొస్తుంది. నగరం ఆ మాట అన్నదంటే ఊరు అంటుకున్నట్టేనా? అమ్మాయికి మేము ఏమి చెప్పి ఉంచాలి?
— ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, ముందుగా మీవారి సందేహం తీరుస్తాను. 1975లో మన దేశంలో పెట్టిన ఎమర్జెన్సీకీ దీనికీ పేరులో తప్ప పోలిక లేదు. ఇది ఒక ఊరి హద్దుల్లో, కొద్ది రోజులకు మాత్రమే చెల్లే ఏర్పాటు. కెలోనా ఉన్న బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో 2023లో అమలులో ఉన్న చట్టం ప్రకారం నగర కౌన్సిల్ తీర్మానం చేసి గానీ, సభ్యులను సమావేశపరిచే వ్యవధి లేనప్పుడు మేయర్ స్వయంగా ఉత్తర్వు ఇచ్చి గానీ దీన్ని ప్రకటించవచ్చు. అప్పట్లో అది 7 రోజులకు ముగిసిపోయేది, పొడిగించాలంటే రాష్ట్ర ప్రభుత్వం ఒప్పుకోవలసి ఉండేది.

అయితే మంటలార్పే వాళ్ళు ఎలాగూ పని చేస్తూనే ఉన్నప్పుడు ఈ ప్రకటన ఎందుకని మీరు అడగవచ్చు. అసలు కీలకం ఇక్కడే ఉంది. ‘సిద్ధంగా ఉండండి’ అని హెచ్చరించడానికి, అంటే ఎవాక్యుయేషన్ అలర్ట్ ఇవ్వడానికి, అక్కడ ఏ ప్రకటనా అక్కరలేదు. కానీ ‘ఇప్పుడే ఇల్లు వదలండి’ అని చట్టబద్ధంగా ఆజ్ఞాపించాలన్నా, అంటే ఎవాక్యుయేషన్ ఆర్డర్ ఇవ్వాలన్నా, దారులు మూసి ఎవరినీ లోపలికి రానివ్వకుండా ఆపాలన్నా, మంటకు అడ్డుకట్ట వేయడానికి ప్రైవేటు స్థలంలోకి యంత్రాలు దింపాలన్నా ముందు ఈ ప్రకటన ఉండి తీరాలి. కనుక నగరం ఎమర్జెన్సీ ప్రకటించిందంటే ఊరు కాలిపోతోందని కాదు, మంట ఇంటిదాకా రాకముందే జనాన్ని తరలించే అధికారం చేతికి తీసుకుందని అర్థం.

ఆనాడు జరిగింది చూడండి. మెక్‌డూగల్ క్రీక్ అని పేరు పెట్టిన ఆ మంట ఆగస్టు 15న ఒకానగన్ సరస్సుకు పడమటి ఒడ్డున, వెస్ట్ కెలోనా అనే వేరే నగరం పైనున్న కొండల్లో మొదలైంది. 17వ తేదీన గాలి తిరిగేసరికి, 64 హెక్టార్లలో ఉన్నదల్లా ఒక్క రోజులో దాదాపు 6,800 హెక్టార్లకు పాకింది. వెస్ట్ కెలోనా వెంటనే ఎమర్జెన్సీ ప్రకటించింది. ఆ రాత్రి తూర్పు ఒడ్డున ఉన్న కెలోనా వాసులు ఎదుటి కొండ నిలువునా ఎర్రబడటాన్ని తమ బాల్కనీల నుంచే చూశారు. నీరు అడ్డుగా ఉందన్న ధైర్యంతో చూస్తూ ఉండగానే నిప్పురవ్వలు సరస్సు దాటి వచ్చి ఇవతలి కొండవాలులో చిన్న చిన్న మంటలు పుట్టించాయి. 18వ తేదీ తెల్లవారేలోగా కెలోనా కూడా ఎమర్జెన్సీ ప్రకటించింది. ఆ రోజే యూనివర్సిటీ ఆఫ్ బ్రిటిష్ కొలంబియా ఒకానగన్ క్యాంపస్‌ను ఖాళీ చేయించారు, రాష్ట్రమంతటికీ అత్యవసర పరిస్థితి ప్రకటించారు, మంటలార్పే విమానాలకు ఆకాశం ఖాళీగా ఉండాలని విమానాశ్రయం కూడా మూశారు. సరస్సుకు ఇరువైపులా కలిపి 190 దాకా ఇళ్ళూ ఆస్తులూ దెబ్బతిన్నాయి, వాటిలో ఎక్కువ పడమటి ఒడ్డువే. ప్రాణనష్టం మాత్రం జరగలేదు. సమయానికి ఇచ్చిన ఉత్తర్వులూ, మారు మాట్లాడకుండా బయలుదేరిన జనమూ కారణమని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక మీ అమ్మాయి సంగతి. నగరం ప్రకటన చేసిందా లేదా అన్నదానికంటే తాను ఉంటున్న చిరునామా అలర్ట్‌లో ఉందా, ఆర్డర్‌లో ఉందా అన్నదే తనకు ముఖ్యం. లక్షా నలభై వేల పైచిలుకు జనాభా ఉన్న కెలోనాలో ఆనాడు అందరినీ కదలమనలేదు. సర్దుకోవలసింది అలర్ట్ వచ్చినప్పుడు, ఆర్డర్ వచ్చాక కాదు. పాస్‌పోర్టు, స్టడీ పర్మిట్, మందులు, కళ్ళజోడు, ల్యాప్‌టాప్, ఛార్జర్, రెండు జతల బట్టలు ఒక వీపుసంచిలో పెట్టి, వేసవి పొడుగునా తలుపు పక్కనే ఉంచుకోమనండి. కారు లేని పిల్లలు ఎవరి కారులో వెళ్ళాలో ముందే మాట్లాడుకోవాలి. ఆర్డర్ వచ్చి బయటపడినవారు రిసెప్షన్ సెంటర్‌లో పేరు నమోదు చేయించుకుంటే, అవసరమైన వారికి సాధారణంగా 72 గంటల పాటు వసతి, భోజనం చూస్తారు. స్నేహితుల ఇంట్లో తలదాచుకున్నా సరే, పేరు మాత్రం రాయించుకోవాలి; ఆచూకీ వెతికేవారికి అదే ఆధారం. అద్దె ఇంటికి టెనెంట్ ఇన్సూరెన్స్ ఉంటే, తప్పనిసరిగా ఖాళీ చేయమన్న ఉత్తర్వు వచ్చినప్పుడు బయట ఉండే ఖర్చును చాలా పాలసీలు భరిస్తాయి, కాబట్టి రసీదులు దాచమనండి.

మీకు కూడా ఒక మనవి. వేసవిలో అక్కడ రాత్రి 10 అయితే మనకు మరునాడు ఉదయం 10:30. మీరు టీవీలో చూసి కంగారుపడే వేళకు తను చీకట్లో రోడ్డు మీద ఉండవచ్చు. పదే పదే ఫోన్ చేసి బ్యాటరీ అయిపోనివ్వకండి. ‘ఎక్కడికి చేరావో ఒక్క మెసేజ్ పెట్టు తల్లీ’ అని రాసి, జవాబు వచ్చేదాకా ఓపిక పట్టండి. అది ఎంత కష్టమో నాకు తెలుసు.

ప్రశ్న: అంత పెద్ద సరస్సు పక్కనే ఉండగా మంట ఆవలి ఒడ్డుకు ఎలా వెళ్ళింది? మన నల్లమలలో ఇలా జరగదేమి?
— ఒక పాఠకుడు, మార్కాపురం

జవాబు: ఒకానగన్ సరస్సు 135 కిలోమీటర్ల పొడవున్నా, వెడల్పు కొద్ది కిలోమీటర్లే. అక్కడి పైన్ చెట్లలో జిగురు ఎక్కువ. మంట కొమ్మలెక్కి చెట్ల కొనల మీదుగా పరుగెత్తినప్పుడు కాలుతున్న బెరడు ముక్కలూ కాయలూ వేడిగాలికి లేచి చాలా దూరం పోయి పడతాయి. ఇళ్ళు ఎక్కువగా కాలేది ఎదురుగా వచ్చే మంటల గోడ వల్ల కాదు, ఈ రవ్వల వల్లే. కప్పు అంచున వాననీటి గొట్టంలో పేరుకున్న, సూదుల్లాంటి ఎండు పైన్ ఆకుల మీద ఒక్క రవ్వ పడితే చాలు. అందుకే అక్కడ ఇంటి చుట్టూ మీటరున్నర మేర కాలే వస్తువేదీ ఉంచవద్దని చెబుతారు. 2003లో ఇదే కెలోనా దక్షిణపు అంచున పిడుగుపాటుతో రేగిన మంట 239 ఇళ్ళను కాల్చింది.

మన నల్లమల, శేషాచలం ఆకురాల్చే అడవులు. మంట ఎక్కువగా నేలమీది ఎండుటాకుల్లో మోకాలెత్తున పాకుతుంది, కాబట్టి చెట్ల పైకి ఎక్కడం తక్కువ. అలాగని తేలికగా తీసుకోలేము. 2014 మార్చిలో తిరుమల కొండల్లో మంట రేగినప్పుడు వాయుసేన హెలికాప్టర్లను రప్పించవలసి వచ్చింది.

ప్రశ్న: మన దగ్గర మున్సిపాలిటీ ఇలాంటి ప్రకటన చేయగలదా?
— ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: మన పద్ధతి వేరు. విపత్తు నిర్వహణ చట్టం, 2005 ప్రకారం జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు కలెక్టరు అధ్యక్షులు. ప్రమాద ప్రాంతంలోకి రాకపోకలను అదుపు చేసే అధికారం, సహాయక చర్యలకు ఆదేశాలిచ్చే అధికారం 34వ సెక్షను ద్వారా ఆ సంస్థకు ఉన్నాయి. కాబట్టి మీ ఊరి అంచున మంట కనిపిస్తే మున్సిపాలిటీ ప్రకటన కోసం ఎదురుచూడకుండా 112కు ఫోన్ చేసి, దగ్గరలోని అటవీ చెక్‌పోస్టులో కూడా చెప్పండి.