రెండేళ్ల కాంట్రాక్టు, ఇరవై ఏళ్ల ఈఎంఐ

ప్రశ్న: నాకు 25 ఏళ్లు. మాది హిందూపురం. బెంగళూరులో ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఆడుతున్నాను, సెంటర్ బ్యాక్‌ని, అంటే గోల్ ముందు కాచే డిఫెండర్‌ని. కాంట్రాక్టు ఇంకా రెండేళ్లుంది. నెలకు చేతికి 1.40 లక్షలు వస్తాయి. అద్దె, అమ్మానాన్నలకు పంపేది కలిపి ఖర్చు 55 వేలు. దాచింది 3 లక్షలు. కె.ఆర్.పురం దగ్గర 75 లక్షల ఫ్లాట్ చూశాం. బ్యాంకు 60 లక్షలు ఇస్తానంది. తక్కువపడే 12 లక్షలకు పర్సనల్ లోన్ తీసుకుందామనుకుంటున్నాను. డిఫెండర్లు ఎక్కువకాలం ఆడతారు, ఇటలీ డిఫెండర్ మాల్డీని 40 దాకా ఆడాడు కదా. కొనొచ్చా?

జవాబు: వద్దు. ఆ పర్సనల్ లోన్ జోలికైతే అసలు పోవద్దు. డౌన్ పేమెంట్‌కి కూడా అప్పు చేసేవాళ్లు ఇల్లు కొనడానికి ఇంకా సిద్ధంగా లేనట్టే. సాఫ్ట్‌వేర్ వాళ్లకూ ఇదే మాట చెప్పీ చెప్పీ విసుగొస్తోంది.

లెక్క చూడండి. 60 లక్షలకు 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్లకు ఈఎంఐ సుమారు 52 వేలు. 12 లక్షలకు 14 శాతంతో నాలుగేళ్లకు దాదాపు 33 వేలు. మొత్తం 85 వేలు. మిగిలే 55 వేలు ఇంటి ఖర్చుకే సరి. రిజిస్ట్రేషన్ ఖర్చులు ఎక్కణ్ణుంచి తెస్తారో మీరు రాయనే లేదు.

మాల్డీని సంగతి నిజమే. కానీ అలాంటివాళ్లు ఎందరు? సందేశ్ జింగాన్‌ని చూడండి, ఆయనా సెంటర్ బ్యాకే. 2019 అక్టోబరులో మోకాలిలోని ఏసీఎల్ అనే లిగమెంట్ దెబ్బతిని ఆ సీజన్ మొత్తం పోయింది. ఇండియా ఆటగాడు కాబట్టి తర్వాత పెద్ద క్లబ్బే పిలిచింది. మీకూ పిలుపొస్తుందా? ఏసీఎల్ సర్జరీ అయితే మళ్లీ మ్యాచ్ ఆడడానికి తొమ్మిది నెలలు పట్టొచ్చు. ఆలోగా కాంట్రాక్టు ముగిస్తే, కొత్త క్లబ్బులో చేరే గడువులు (ట్రాన్స్‌ఫర్ విండోలు) ఏడాదికి రెండే. ఒకటి తప్పిందంటే ఇంకొన్ని నెలలు ఖాళీ. దెబ్బ తగలకపోయినా భరోసా లేదు: 2025లో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) సీజన్ ఎప్పుడో తేలక కొన్ని క్లబ్బులు జీతాలే ఆపేశాయి. బ్యాంకు మాత్రం ఈఎంఐ ఆపదు.

అందుకే ముందు అత్యవసర నిధి. ఉద్యోగస్తులకు ఆరు నెలల ఖర్చు చాలంటాను. మీకు 18 నెలలది కావాలి, అంటే 10 లక్షలు. ఈఎంఐగా 85 వేలు కట్టగలనని మీరే అంటున్నారు కదా, అదే నెలనెలా దాచండి. ఉన్న 3 లక్షలతో కలిపి తొమ్మిది నెలల్లో 10 దాటుతుంది. ఎఫ్‌డీ అయినా లిక్విడ్ ఫండ్ (త్వరగా వెనక్కి తీసుకోగలిగే మ్యూచువల్ ఫండ్) అయినా పర్లేదు, షేర్లలో మాత్రం వద్దు. జీతం పడే ఖాతాలో ఉంచకండి, యూపీఐకి లింక్ చేయకండి. ఇంకోమాట, ఊళ్లో చేబదులు అడిగేవాళ్లకు ఈ డబ్బు ఉన్నట్టే తెలియకూడదు.

క్లబ్బు ఇచ్చే హెల్త్ పాలసీ కాంట్రాక్టుతోపాటే పోతుంది, సొంతంగా ఒకటి తీసుకోండి. పర్సనల్ యాక్సిడెంట్ పాలసీల్లో ప్రొఫెషనల్ ఆటల్లో తగిలే దెబ్బల్ని మినహాయించేవి చాలా ఉన్నాయి. ప్రపోజల్ ఫారంలో వృత్తి ఫుట్‌బాల్ అని స్పష్టంగా రాసి, కవర్ ఉందని రాతపూర్వకంగా తెప్పించుకోండి. అమ్మానాన్నల కోసం మీ పేరు మీద టర్మ్ పాలసీ (జీవిత బీమా) కూడా తీసుకోండి. సిప్‌లు (మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా పెట్టుబడులు) నిధి పూర్తయ్యాకే.

బిల్డర్‌కి అడ్వాన్స్ ఇచ్చారో లేదో రాయలేదు. ఇవ్వకపోతే ఇవ్వకండి. ఇచ్చి ఉంటే, అగ్రిమెంటులో క్యాన్సిలేషన్ షరతు చదివి ఈ వారమే వెనక్కి అడగండి.