జెర్బర్ ఫైల్ లేకుండా టెస్ట్ పాయింట్లు కొలిచేదెట్లా?

ప్రశ్న: సార్, రేణిగుంట దగ్గర మాకు చిన్న షెడ్డుంది, బోరు మోటార్లకి ఆటో స్టార్టర్ బోర్డులు చేస్తాం. డిజైన్ చేసిన అబ్బాయి మానేసి బెంగళూరు పోయాడు, జెర్బర్ ఫైల్ (బోర్డు మీద ఏ ప్యాడ్, ఏ హోల్ ఎక్కడుందో కొలతలతో చెప్పే డిజైన్ ఫైల్) మా దగ్గర లేదు. పోగో పిన్నులతో (స్ప్రింగు ఉన్న పిన్నులు) టెస్ట్ జిగ్, అంటే బోర్డుని పెట్టి చెక్ చేసే స్టాండు, చేద్దామని బోర్డుని జిరాక్స్ తీసి, షీటు మీద అంటించి డ్రిల్ కొడితే ఒక మూల బాగానే కూర్చుంటోంది, ఎదుటి మూలకి పోయేసరికి పిన్ను ప్యాడ్ (టెస్ట్ పాయింటుగా తగలాల్సిన రాగి చుక్క) పక్కకి పోతోంది. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ అబ్బాయికో, పీసీబీ (ఖాళీ బోర్డు) కొట్టించిన చోటికో ఫోన్ చేయండి, ఫైల్ దొరికితే ఈ గోలంతా ఉండదు. జిరాక్స్‌లో ఒక్క శాతం తేడా వచ్చినా 100 మి.మీ. బోర్డు చివరికి 1 మి.మీ. పోతుంది, చాలా ప్యాడ్లు ఉండేదే అంత, ఇంక పిన్ను ఎక్కడ తగులుతుంది చెప్పండి. అట్లని వెర్నియర్ పట్టుకుని ఒక ప్యాడ్ నుంచి పక్కదానికి, అక్కడ్నుంచి ఇంకోదానికి కొలుచుకుంటూ పోవద్దు, తప్పులన్నీ కూడుకుంటాయి. ఒక మౌంటింగ్ హోల్‌ని (బోర్డుని స్క్రూతో బిగించే హోల్) జీరో అనుకుని అన్నీ దాన్నుంచే కొలవండి. బోర్డు అంచుని అసలు నమ్మొద్దు, వి-కట్ (బోర్డులు విడదీయడానికి గీసిన గాడి) దగ్గర విరిచిన అంచు ఏ రెండు బోర్డులకీ ఒకేలా ఉండదు.

ఇక దేంతో కొలవాలంటే, డిగ్రీ కాలేజీ ఫిజిక్స్ ల్యాబ్‌లో ట్రావెలింగ్ మైక్రోస్కోప్ ఉంటుంది చూడండి, కేశనాళిక ప్రయోగానికి వాడతామే, అది. లీస్ట్ కౌంట్ (అది కొలవగలిగే అతి చిన్న కొలత) 0.01 మి.మీ., మీ పనికి ఎక్కువే. తిరుపతిలో కాలేజీలకేం కొదవ, తెలిసిన లెక్చరర్‌ని పట్టుకోండి. బోర్డుని పడుకోబెట్టకుండా మైక్రోస్కోప్‌కి ఎదురుగా నిలువుగా బిగించండి, అప్పుడు అడ్డం స్కేలు, నిలువు స్కేలు రెండూ పనికొస్తాయి, బోర్డుని కదిలించే పనుండదు. కింది వరసలోని రెండు మౌంటింగ్ హోల్స్ సెంటర్లూ క్రాస్‌వైర్ (మైక్రోస్కోప్‌లో కనిపించే ప్లస్ గుర్తు) అడ్డగీత మీదే పడాలి, లేకపోతే బోర్డు వంకరగా ఉన్నట్టే. హోల్ ఎడమ అంచు రీడింగు, కుడి అంచు రీడింగు తీసి సగం చేస్తే సెంటర్, పైకీ కిందకీ అంతే. స్క్రూ ఎప్పుడూ ఒకే వైపు నుంచి తిప్పుకుంటూ రావాలి, వెనక్కి తిప్పితే లూజు వల్ల రీడింగు మారుతుంది.

కనెక్టర్ కాళ్లు సాధారణంగా 2.54 మి.మీ. గ్రిడ్ మీదే ఉంటాయి కాబట్టి వాటి మధ్య దూరం 7.60 వస్తే 7.62 (2.54కి మూడింతలు) అని దిద్దుకోవచ్చు.

ఇంకొకటి, మీరు కొలిచేది సోల్డర్ వైపు నుంచి, జిగ్‌లో ఆ వైపు కిందకి ఉంటుంది, పైనుంచి డ్రిల్ కొట్టేటప్పుడు ఎడమ కుడి అవుతుంది. ఎక్స్ (అడ్డం) విలువలన్నిటికీ మైనస్ పెట్టి, ముందు ఒక తుక్కు షీటు మీద కొట్టి చూసుకోండి.