షెడ్డులో పెరిగిన అబ్బాయికి ఏ దారి?

ప్రశ్న: మా నాన్నగారు విజయవాడలో అంబాసిడర్ టాక్సీ నడిపేవారు. నేను ఆటోనగర్‌లో కార్ల షెడ్డు నడుపుతున్నాను. పదిహేడేళ్ల మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతూ, కారు రేసర్‌నే అవుతానంటున్నాడు. మార్కులు ఓ మోస్తరు. ఇంజిన్ శబ్దం విని తేడా ఎక్కడుందో చెప్పేస్తాడు. ఈమధ్య రాత్రిపూట మా కారు తీసుకుని బైపాస్ మీదికి వెళ్తున్నాడని తెలిసింది. ఏం చేయమంటారు?

జవాబు: ముందుగా ఆ బైపాస్ సంగతి చెప్పాలి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనరు బండి నడిపి నేరానికి పాల్పడితే సంరక్షకుడికి లేదా యజమానికి మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దవుతుంది. పైగా ఆ పిల్లవాడికి 25 ఏళ్లు నిండేదాకా డ్రైవింగ్ లైసెన్సు ఇవ్వరు. ప్రాణాపాయం సరేసరి, కార్లనే బతుకుతెరువు చేసుకోవాలనుకునే కుర్రవాడికి ఎనిమిదేళ్లు లైసెన్సు లేకపోవడమంటే ఏమిటో మీకు వేరే చెప్పనక్కరలేదు. తాళంచెవి ఈ రాత్రి నుంచే మీ దగ్గర పెట్టుకోండి.

ఇక రేసింగ్. మన దేశం నుంచి ఫార్ములా వన్‌లో నడిపినవారు ఇద్దరే: 2005లో నరైన్ కార్తికేయన్, 2010లో కరుణ్ చందోక్. ఇద్దరి తండ్రులూ ర్యాలీ డ్రైవర్లే. కరుణ్ తాతగారైతే మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వ్యవస్థాపకుల్లో ఒకరు. మీ అబ్బాయి వయసుకే, 2015లో, ఫార్ములా వన్‌లో అడుగుపెట్టిన మాక్స్ వెర్‌స్టాపెన్ తండ్రి కూడా అక్కడ నడిపినవాడే, తల్లి కార్టింగ్‌లో (చిన్న రేసు బండ్ల పందేల్లో) పోటీపడినావిడే. అంటే ఇది చిన్నతనం నుంచే మొదలై, ఏళ్ల తరబడి ఇంటి డబ్బు తాగే ఆట. షెడ్డు మీద అప్పు తెచ్చి ఆ పందెం కాయవద్దని నా గట్టి సలహా. సరదా తీరాలంటే సెలవుల్లో కార్టింగ్ ట్రాక్‌కు పంపండి, చాలు.

అయితే మీ వంశంలో వచ్చింది వేగం ఒక్కటే కాదు. ఇంజిన్ శబ్దాన్ని బట్టి లోపం పసిగట్టే ఆ చెవి ఏ కాలేజీలోనూ నేర్పేది కాదు, దానికి లెక్కలు, భౌతికశాస్త్రం తోడైతే వాహన పరీక్షా రంగంలో మంచి స్థానమే ఉంది. ఇండోర్ దగ్గర పీథంపూర్‌లోని నాట్రాక్స్ అనే వాహన పరీక్షా కేంద్రంలో 11.3 కిలోమీటర్ల హైస్పీడ్ ట్రాక్ కట్టింది కార్లను పూర్తి వేగంతో పరుగెత్తించి కొలతలు తీసుకోవడానికే. మీ అబ్బాయి బైపాస్ మీద వెతుక్కుంటున్నది అక్కడ ఉద్యోగంలో భాగం.

దానికి ఈఏపీసెట్‌లో మెకానికల్ బ్రాంచి తీసుకుంటే సరిపోతుంది. ఆటోమొబైల్ బ్రాంచి కంటే దాన్నే మేలంటాను, ఎందుకంటే రేపు మనసు మారినా దారులు మూసుకుపోవు. కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టే ముందు మాత్రం ప్రతి కాలేజీలోనూ ఒక్క మాట అడగండి: ఫార్ములా భారత్ పోటీకి వెళ్లే జట్టు మీకు ఉందా? విద్యార్థులే రేసు కారు తయారుచేసి కోయంబత్తూరులోని కరి మోటార్ స్పీడ్‌వేకు తీసుకెళ్తారు. అక్కడ 75 మీటర్ల యాక్సిలరేషన్ పరుగు నుంచి కారు ఓర్పును చూసే సుదీర్ఘమైన ఎండ్యూరెన్స్ పరుగు దాకా పరీక్షలుంటాయి, కారును ఎందుకలా డిజైన్ చేశారో, ఖర్చెంతయిందో న్యాయనిర్ణేతలకు ఒప్పించి చెప్పాలి. ర్యాంకు కాస్త తగ్గినా జట్టున్న కాలేజీకే నా ఓటు. స్టీరింగ్ పట్టుకునే అవకాశం కూడా ఆ జట్టులోనే, చట్టబద్ధంగా, దొరకవచ్చు.

ఇదంతా అతనికి చెప్పే ముందు ఒక చిన్న పరీక్ష పెట్టండి. షెడ్డుకు వచ్చే కార్లలో ముందు బ్రేకులు వెనకవాటికన్నా త్వరగా అరుగుతాయని అతను చూసే ఉంటాడు. అది ఎందుకో, బ్రేకు వేసినప్పుడు బండి బరువు ఎటు మొగ్గుతుందో బొమ్మ గీసి లెక్కకట్టి చూపమనండి. భోజనం మరచి ఆ కాగితంతో కూర్చున్నాడా, లేక రెండు నిమిషాల్లో పక్కన పడేశాడా అన్నది గమనించి, ఈసారి ఉత్తరం అతనిచేతే రాయించండి.