సర్వీసు అయ్యాక క్లినిక్ ఒక్కటే దారా?

ప్రశ్న: తొమ్మిదేళ్లుగా సైన్యంలో పశువైద్యాధికారిని. ఎక్కువగా కుక్కలు, గుర్రాలే చూశాను. ఇంకో పది నెలల్లో బయటికి వస్తాను. వెంటనే సొంత క్లినిక్ పెట్టనా?

జవాబు: వెంటనే వద్దు. మీ చేతి నైపుణ్యం మీద సందేహం కాదు, మీ దగ్గరికి రాబోయే జంతువులు వేరు. సైనిక శునకం వయసులో ఉంటుంది, తిండీ తూకమూ లెక్కప్రకారం, చిన్న తేడా వచ్చినా దాన్ని చూసుకునే హ్యాండ్లర్ చెప్పేస్తాడు. క్లినిక్‌కి వచ్చేది కిడ్నీలు దెబ్బతిన్న పదమూడేళ్ల పిల్లి.

ముందు పిల్లుల సంగతి నేర్చుకోండి. కెన్నెల్‌లో పిడుదులకు అలవాటుగా వాడిన పర్మెత్రిన్ అనే మందు పిల్లికి విషం. అది ఉన్న, కుక్కల చర్మం మీద వేసే చుక్కల మందును పిల్లికి వేస్తే వణుకు, ఫిట్స్ వస్తాయి. మగపిల్లి మలమూత్రాల ట్రేలో పదేపదే ముక్కుతుంటే యజమాని మలబద్ధకం అనుకుంటాడు. పొట్ట తడిమి చూడండి. మూత్రాశయం గట్టి బంతిలా తగిలితే మూత్రం బయటికి వచ్చే దారి మూసుకుపోయినట్టే. రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పుతుంది కాబట్టి ఈసీజీ చూసి, గుండెను కాపాడే కాల్షియం గ్లూకోనేట్ సిద్ధంగా పెట్టుకున్నాకే మత్తు ఇవ్వాలి. రద్దీగా ఉండే క్లినిక్‌లో ఆరు నెలలు పనిచేస్తే ఇలాంటివి చేతికి వస్తాయి. ఖర్చు గురించి మాట్లాడటమూ అక్కడే అలవాటవుతుంది. సైన్యంలో రక్తపరీక్షల్లాంటివన్నీ ఒకేసారి చేయించేవారు. ఇక్కడ ఏది ముందు, ఏది రేపటికి ఆగుతుందో యజమానికి విడమరిచి చెప్పాలి.

మీ అసలు బలం వేరేచోట ఉందని మా అభిప్రాయం. మాంసం, పాల తనిఖీ, క్వారంటైన్, రేబిస్ వంటి జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల నిఘా, విపత్తు సహాయం, ప్రయోగశాల జంతువుల సంరక్షణ... వీటికి మందను మొత్తంగా చూసే కన్ను కావాలి. అది మీకు ఉంది. వడదెబ్బ తగిలిన కుక్కను ముందు చల్లబరిచి ఆ తర్వాతే తరలించాలనీ, 39.5 డిగ్రీల సెల్సియస్‌కు రాగానే చల్లార్చడం ఆపాలనీ మీకు కొట్టిన పిండి. పోలీసు శునక దళాలకు అలాంటి వైద్యులే కావాలి.

బయోడేటాలో హోదా పేర్లు రాస్తే బయటివాళ్లకు అర్థం కావు. ఎన్ని జంతువుల బాధ్యత చూశారు, ఏ సర్జరీలు ఎన్ని చేశారు, ఏ వ్యాధిని ఎలా అదుపు చేశారు అన్నవి రాయండి. యూనిట్ ఎక్కడుందో మాత్రం రాయకండి. కేసుల లెక్క ఇప్పుడే తీసుకోండి, బయటికొచ్చాక రికార్డులు దొరకడం కష్టం. వెటర్నరీ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ గడువు ఈ వారమే చూసుకోండి. అది ముగిసిపోయి ఉంటే, ఉద్యోగం వచ్చినా చేరడం ఆలస్యమవుతుంది.