సైన్యాన్ని వెనక్కి పంపు

అమ్మాయీ,

నీ వ్యాసం నిన్న రాత్రి చదివాను. "తెల్ల రక్తకణాల సైన్యం శ్వాసనాళాల మీదికి దూసుకెళ్లింది" అన్నచోట ఆపేసి, లేచి మంచినీళ్లు తాగొచ్చాను. బెంగళూరులో ముప్పయ్యేళ్లుగా ఆస్తమాతో కాపురం చేస్తున్నవాణ్ణి. నా ఛాతీలో ఏ సైన్యమూ దూసుకెళ్లలేదు.

అక్కడ జరిగేది తెల్లకణం రక్తనాళం గోడకి అతుక్కోవడం. వాపు వచ్చిన చోట సన్నటి సిరల లోపలి గోడ మీదికి సెలెక్టిన్లు, అంటే కణాల్ని పట్టుకునే ప్రొటీన్లు, వస్తాయి. పి-సెలెక్టిన్ ముందే గోడ కణాల్లో సంచుల్లో దాచి ఉంటుంది, నిమిషాల్లో పైకి తేలుతుంది. ఇ-సెలెక్టిన్‌ని మాత్రం అప్పటికప్పుడు తయారుచేసుకోవాలి, గంటలు పడుతుంది. నెత్తురులో కొట్టుకుపోయే తెల్లకణాన్ని ఇవి పట్టుకుంటాయి, వదులుతాయి, మళ్లీ పట్టుకుంటాయి. అలా అది గోడ వెంట దొర్లుతుంది. దొర్లుతూ కీమోకైన్లకి, అంటే కణాల్ని పిలిచే రసాయన సంకేతాలకి, తగిలిందా, దాని ఒంటిమీద ముడుచుకున్న ఇంటెగ్రిన్లు అనే గట్టిపట్టు ప్రొటీన్లు చెయ్యి చాపినట్టు లేస్తాయి. ఇక పంచెకి ఉత్తరేణి గింజే. ఆ తర్వాతే సందు చూసుకుని గోడ దాటుతుంది.

ఎలర్జీ ఆస్తమాలో ఇసినోఫిల్స్ అనే రకం తెల్లకణాలే ఎందుకు పోగవుతాయో నువ్వు రాయనేలేదు. ఐఎల్-4, ఐఎల్-13 అనే సంకేత ప్రొటీన్లు కలిసి గోడ మీద వీక్యామ్-1 అనే పట్టుకొమ్మని మొలిపిస్తాయి. దాన్ని పట్టుకునే వీఎల్ఏ-4 అనే ఇంటెగ్రిన్ ఇసినోఫిల్‌కి బాగా ఉంటుంది, న్యూట్రోఫిల్ అనే ఇంకో రకం తెల్లకణానికి బాగా తక్కువ. పక్కపక్కన పోతున్న ఇద్దరిలో ఒకడే ఆగడానికి అదొక పెద్ద కారణం. ఇంత కథ చేతిలో పెట్టుకుని కత్తులెందుకమ్మా?

సీడీ18 అనే ఇంటెగ్రిన్ ముక్క లోపంతో పుట్టే పిల్లలుంటారు. వాళ్ల రక్తం నిండా తెల్లకణాలే, పుండులో మాత్రం చీము పట్టదు. సైన్యానికి కొదవ లేదు, పట్టే లేదు. ఈ ఒక్క సంగతి చాలు నీ మొదటి పేరా కొట్టెయ్యడానికి.

నేనూ తిన్నానులే దెబ్బ. తొంభైల్లో ఓ వారపత్రికకి ఇదే సంగతి రాస్తే, 'దొర్లుతూ' అన్నమాట చప్పగా ఉందని ఎడిటర్ 'దూకుతూ' అని మార్చాడు. పైగా బొమ్మలో కణాలకి మీసాలు పెట్టించాడు! ఆ కాపీ మా ఆవిడ ఇప్పటికీ బీరువాలో దాచింది, నన్ను ఏడిపించడానికి. క్రియాపదం తప్పితే సైన్సే తప్పుతుందని అప్పుడు ఆయనతో గట్టిగా అనలేకపోయాను. డబ్బు అవసరం.

కలం పేరు, పారితోషికం సంగతులు తర్వాత.

"అమ్మమ్మ గుండెల్లో పిల్లికూతలు వింటూ నిద్రపోయేదాన్ని" అన్న వాక్యం మాత్రం ముట్టుకోకు. దాన్ని పైకి తెచ్చి, అక్కణ్ణించి మొదలుపెట్టు. తిరగరాసింది పట్టుకుని ఆదివారం మల్లేశ్వరం రా. ఈ చలికి మేడ మెట్లెక్కలేను, కింద వరండాలోనే కూర్చుందాం.